రోడ్డు వైపు ఎరుపు

ఫిబ్రవరి 21

నీళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. నెల ముగియడానికి ఇంకా వారం ఉంది. మీటరు గదిలో వాల్వు ఎప్పటిలాగే తనంతట తానే మూసుకుంది. మా ఊరు ఎల్ కార్దాల్ నెల వాటా అయిపోయిందని యంత్రం తీర్పు. మాకు నీళ్ళు వచ్చేది ఊరి పైన కొండంతా పరుచుకున్న సాంతా ఇసోలీనా తోట బావుల నుంచే. అక్కడ అవకాడో చెట్లు మాత్రం నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వాటి వాటా ఎప్పుడూ అయిపోదు.

పిన్ని బీన్స్ కాగితం పళ్ళేల్లో పెట్టింది. "కడిగే పని లేదు. దొరసానిలా ఉన్నాను" అని నవ్వింది. ఊరి నీటి కమిటీకి ప్రెసిడెంటు ఆవిడ. ప్రెసిడెంటే ఇలా నవ్వేస్తే తోటవాళ్ళు నవ్వరా?

"ఆ మీటరు దొంగది పిన్నీ."

"అయితే వెళ్ళి అడుగు. దానికి నోరుందేమో చూద్దాం. తిను ముందు."

అడుగుతాను.

మార్చి 3

లా లిగువా పట్నంలో స్వెటర్ల కొట్టు పైన మా యజమాని దోన్ అనీబల్ రెతమాల్ ఆఫీసు. గొట్టాల ప్లాన్లు గీయడం, వాటిలో నీళ్ళు ఎలా పారతాయో కంప్యూటరులో లెక్కకట్టి చూపే సిమ్యులేషన్లు నడపడం నా పని. నేను కాలేజీ గడప తొక్కలేదు. ఈ ప్రోగ్రాం కూడా ఉద్యమ కరపత్రాలు చదివినట్టే నేర్చుకున్నాను, బస్సులో నిలబడి, ఎవరూ చెప్పకుండా.

భోజనం వేళలో కంప్యూటరు మా ఊరి పనికి వాడుకుంటానని అడిగాను. ముసలాయన ఎంపనాదా నములుతూనే తలూపాడు.

"వాడుకో. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. గొట్టం నోటి దగ్గర నీళ్ళు ఎలా వస్తున్నాయని చెబితే అలాగే నమ్ముతుంది అది. మా అత్తగారిలా ఎదురు ప్రశ్న వేయదు."

ఈయనకు అన్నీ జోకులే. ఈ దేశంలో చదువుకున్నవాళ్ళంతా ఇంతే, చేతులు తడవకుండా మాట్లాడతారు.

మీటరు అంటే బ్రహ్మపదార్థమేం కాదు. గొట్టంలోకి రోడ్డు వైపు నుంచి గుచ్చిన ఒక కడ్డీ. దాని కొస దగ్గర నీటి వేగం చూస్తుంది. గొట్టం నిండా సగటున అదే వేగం అనుకుని లెక్క కడుతుంది. ఆ ఒక్క చోట వేగం ఎక్కువైతే లెక్క ఉబ్బుతుంది, మా వాటా తొందరగా అయిపోతుంది, వాల్వు మూసుకుంటుంది. మొత్తం కుట్ర ఇంతే. నిరూపించడమే మిగిలింది.

మార్చి 8

మొదటి సిమ్యులేషన్ అయింది. నోటి దగ్గర అంతటా ఒకే వేగం ఇచ్చాను, మాన్యువల్లో మొదటి పాఠంలో ఉన్నట్టు. మీటరు సరిగ్గానే ఉందని వచ్చింది.

ఇది యజమానుల పాఠం. గొట్టంలో ప్రతి చుక్కా ఒకే అడుగు వేస్తుందట, కవాతులో సైనికుల్లా. ఏ నది అలా పారింది?

మార్చి 9

నీళ్ళు సైనికులు కావు.

మార్చి 17

రెండోసారి నిజం గొట్టంలా ఇచ్చాను. మధ్యలో జోరు, గోడ దగ్గర మందగమనం. చాలా దూరం తిన్నగా వచ్చిన నీళ్ళు అలా ఉంటాయి. మళ్ళీ మీటరు సరిగ్గానే ఉందంది. కడ్డీని ఆ లోతులో గుచ్చడానికి కారణమే అదట, అక్కడ సగటు వేగం దొరుకుతుంది. తెలివైన దొంగలు.

బల్ల మీద గుద్దాను. కింద స్వెటర్ల కొట్టామె చీపురు కర్రతో పైకప్పు పొడిచింది.

మార్చి 18

తిన్నగా రావడం లేదు. అది నాకెందుకు తట్టలేదు?

గొట్టం తోట కంచె కింద భూమిలోంచి వస్తుంది. కంచెకు ఇవతల మీటరు గది వరకు రోడ్డు పక్కనే పోతుంది. అవతల ఏముందో ఎవరికీ తెలియదు, కానీ అక్కడ ఒక వంపు ఉండి తీరాలి. బావులు కొండ మీద ఉన్నాయి. కొండ మీంచి దిగిన నీళ్ళు రోడ్డు వెంట తిరగాలి. తిరిగేటప్పుడు నీళ్ళు బస్సులో జనంలాగే బయటి వైపుకు ఒరుగుతాయి. బయటి వైపు అంటే రోడ్డు వైపు. కడ్డీ ఉన్న వైపు.

నోటి దగ్గర వేగాన్ని అలా ఒక పక్కకు ఒరిగించి ఇచ్చాను. తెర మీద గొట్టం అడ్డకోత. వేగం ఎక్కువున్న చోట ఎరుపు పడుతుంది. రోడ్డు వైపు నెలవంకలా ఎరుపు, కడ్డీ కొస సరిగ్గా ఆ ఎరుపులో. మీటరు మూడో వంతు ఎక్కువ చూపిస్తోంది. మా ఊరి వారం నీళ్ళు అక్కడ ఉన్నాయి, నా కళ్ళ ముందు.

ఏది ఎటు ఒరగాలో నేను ఎంచుకోలేదు. నీళ్ళే చెప్పాయి.

పద్ధతి కోసం రెండో వైపు కూడా వేసి చూశాను. ఎరుపు కొండ వైపు పోతే కడ్డీకి నెమ్మది నీళ్ళు తగులుతాయి, మీటరు తక్కువ చూపిస్తుంది, మాకే ఎక్కువ నీళ్ళు వస్తున్నాయని అర్థం. నవ్వొచ్చింది. నెల నిండకుండా ఎండిపోయే ఊరికి ఎక్కువ నీళ్ళట. ఆ ఫైలు తీసేశాను.

ఏప్రిల్ 2

దోన్ అనీబల్‌కు బొమ్మ చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"అందంగా ఉంది. వంపు చూశావా?"

"చూడక్కర్లేదు. బావులు కొండ మీద ఉన్నాయి."

"బావులు ఎక్కడున్నాయని అడగలేదు తెయో. గొట్టం ఎటు నుంచి వచ్చి తిరుగుతోందని అడిగాను. దీనితో ఏం చేస్తావు?"

"నీటి శాఖకు ఫిర్యాదు. తనిఖీ."

"తవ్వి చూడు ముందు. వంపు రెండో వైపు ఉంటే ఇన్నాళ్ళూ మీ ఊరే ఎక్కువ తాగుతోందన్నమాట. మీకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. తనిఖీ అడిగితే ఆ ఎక్కువ కూడా పోతుంది. నోరు మూసుకుని ఉండాల్సిన చోట గంట కొట్టినట్టవుతుంది."

నోరు మూసుకోవడం. ఎంత తేలిగ్గా అన్నాడో. తోట వాళ్ళ డ్రిప్ పైపుల పని కిందటేడు ఈ ఆఫీసే చేసింది, నేను మర్చిపోలేదు. "మీరు అమ్ముడుపోయారు" అన్నాను. ఆయన కోప్పడలేదు. నాప్కిన్‌తో మూతి తుడుచుకుని, "భోజనం చేసి రా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

నేను తిరిగి వెళ్ళలేదు. బొమ్మ పెన్‌డ్రైవులో ఉంది.

ఏప్రిల్ 11

స్కూలు హాల్లో సభ. కిటికీల దగ్గర కూడా జనం. ఎన్నికల బ్యానర్లు వేసే కొట్లో నా బొమ్మను పెద్ద ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చు వేయించాను. మనిషంత గొట్టం అడ్డకోత, ఒక పక్కన ఎర్రని నెలవంక. ఊరి నీళ్ళలో క్లోరిన్ కలిపే అమ్మాయి యానెత్, నేనూ చెరో కొస పట్టుకున్నాం.

"ఈ ఎరుపే మన వారం" అన్నాను.

వాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. నా జీవితంలో అలాంటి చప్పట్లు వినలేదు. ఒక ముసలాయన వేదిక దగ్గరికి వచ్చి ఎరుపు మీద అరచేయి పెట్టి చూశాడు, తడి తగులుతుందేమో అన్నట్టు.

పిన్ని మాత్రం దారిలో అడిగింది. "నువ్వు చూశావా దాన్ని? లోపల?"

"సిమ్యులేషన్ అంటే చూడటమే పిన్నీ."

"సరే అయితే. ఫిర్యాదు మీద సంతకం పెడతాను." ఇంటి గడియ తీస్తూ, "నాకు చదువు లేదు నాయనా. నీకుందని పెడుతున్నాను" అంది.

నాకూ లేదు. ఆవిడకు అది గుర్తు లేదు.

ఏప్రిల్ 26

తనిఖీ ఖర్చుకు డబ్బులు పోగుచేయడానికి బన్నులు అమ్మే కొంప్లెతాదా పెట్టాం. ఊరంతా సాసేజి బన్నులు, టమాటా, అవకాడో. అవకాడో ఎక్కడిదని అడిగితే యానెత్ కన్ను కొట్టింది. "తోట వాళ్ళదే. మన నీళ్ళు మనమే తింటున్నాం." చాలా రోజులకు నవ్వాను. బ్యానరు స్కూలు గోడకు కట్టి ఉంది. పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఇప్పుడు దానికి పేరు కూడా వచ్చింది, ఎర్ర చంద్రుడు అంటున్నారు.

ఫిర్యాదు వెళ్ళింది. జూన్ మొదట్లో వస్తారట. అంతదాకా కమిటీ ప్రెసిడెంటు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కాగితంలో ఉంది. ఎవరు తీసుకుంటారు?

మే 4

ఆదివారం. మా ఊరి జట్టుకూ తోట కూలీల జట్టుకూ మ్యాచి. కాపలావాళ్ళంతా మైదానంలో. నేనూ యానెత్ పారలు తీసుకుని కంచె దగ్గరికి వెళ్ళాం. దోన్ అనీబల్ మాట పట్టుకుని కాదు. ఇన్‌స్పెక్టర్ల ముందు వంపు ఫొటో ఉంటే బలం అని.

నేల ఇటుకలా గట్టిగా ఉంది. యానెత్ నాకంటే బాగా తవ్వుతుంది. గోలు పడినప్పుడల్లా అరుపులు వినిపించేవి, ఎవరు కొట్టారో తెలియక ఇద్దరం ఆగి చెవులు రిక్కించేవాళ్ళం.

గొట్టం కనిపించింది. వంపు కనిపించింది.

"ఉందా?" అంది.

"ఉంది."

"అయితే నువ్వు చెప్పిందే నిజం." మట్టి చేతులతో నా మొహం పట్టుకుంది. మళ్ళీ పూడ్చేశాం. ఫొటో తీయలేదు.

వంపు ఉంది. నేను చెప్పినట్టే వంపు ఉంది.

మే 5

కొండ నుంచి రావడం లేదు.

మే 6

రోడ్డు అవతల తోట వాళ్ళ చెరువు ఉంది, బావుల నీళ్ళు పంపుతో అందులో నింపుతారు. గొట్టం అక్కడి నుంచి రోడ్డు కింద దూరి ఇటు వచ్చి తిరుగుతోంది. బయటి వైపు ఇప్పుడు కొండ వైపు. అంటే

రాయడం అనవసరం. ఒక్క వంపు చూసి ఏం తేలుతుంది? దానికి వెనక, రోడ్డు కింద, ఇంకో వంపు ఉండొచ్చు. రెండు వంపులు కలిస్తే నీళ్ళు సుడి తిరుగుతాయి, సుడి తిరిగితే ఎరుపు ఎక్కడికైనా పోవచ్చు. ఈ పాత లాప్‌టాప్ మీద వేసి చూశాను. రెండో వంపును ఒక కోణంలో పెడితే ఎరుపు మళ్ళీ రోడ్డు వైపు వస్తోంది. చాలా కోణాలు ప్రయత్నించాను. ఒకదానిలో వస్తోంది.

సాధ్యమే.

మే 15

పిన్నికి చెప్పాలని వెళ్ళాను. ఫిర్యాదు వెనక్కి తీసుకో, కారణం అడగకు, అని. అంతే చాలు. ఊరికి ఇప్పుడున్న నీళ్ళయినా మిగులుతాయి. దారంతా మాటలు కూర్చుకున్నాను.

సాన్ ఇసిద్రో పండుగ. పిన్ని వర్షం కోసం ఊరేగింపుకు వెళ్ళి అప్పుడే వచ్చింది. చీనోలనే వేణువు నాట్యగాళ్ళు తమ వేషాల్లో ఒకే స్వరం ఊదుకుంటూ రోజంతా గెంతి గెంతి ఇంకా వాకిట్లోనే ఆయాసపడుతున్నారు. వాళ్ళ జెండా పక్కన ఒక కర్రకు నా ఎర్ర చంద్రుడు. సాన్ ఇసిద్రో విగ్రహం వెనకాల మోశారట.

"చూశావా, నీ గొట్టాన్ని సాధువు పక్కన నిలబెట్టారు" అంది పిన్ని. మొహం ఎండకు కంది ఉంది, ఎంతో చిన్నదానిలా కనిపించింది. "పక్కూరు కాబిల్దో వాళ్ళు కూడా అడిగారురా, మీ అబ్బాయి మా మీటరు చూస్తాడా అని. ఏదో చెప్పడానికి వచ్చినట్టున్నావు?"

"ఏం లేదు."

"టీ తాగు."

శంక కడుపు నిండినవాడి విలాసం అని ఒక కరపత్రంలో చదివాను. ఆ కాగితం ఇంకా ఉంది. మళ్ళీ చదివాను. అక్కడ ఇంకేమీ లేదు.

మే 20

ఇంకా టైముంది.

మే 29

రేపు చెబుతాను.

జూన్ 3

వచ్చారు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, సూట్‌కేసంత యంత్రం. ఊరంతా రోడ్డు మీద. తోట మేనేజరు ఒలావర్రియా తన ట్రక్కుకు ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. మీటరు గదికి చాలా దిగువన, గొట్టం తిన్నగా పోయే చోట తవ్వించారు. తిన్నగా ఉన్నచోటే నీళ్ళు అసలు మాట చెబుతాయని నాకు తెలుసు. అందుకే అక్కడ తవ్వుతున్నారని చూడగానే అర్థమైంది.

పెద్ద ఇన్‌స్పెక్టరు తన యంత్రం చూశాడు, మీటరు గదిలోకి వెళ్ళి చూశాడు, మళ్ళీ వచ్చి చూశాడు. ఒలావర్రియాను పక్కకు పిలిచాడు. ఆ మనిషి నమలడం ఆపేశాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు. అది నటన కాదు. అదే నాకు అన్నిటికన్నా అసహ్యం వేసింది.

ఒలావర్రియా పిన్ని దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"దోన్యా ఓర్తెన్సియా, మేం ఇన్నాళ్ళూ మీకు ఎక్కువే ఇస్తున్నామట. మాకూ తెలియదు. మీరు అడిగి ఉండకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. వెనకటిది వదిలేస్తున్నాం, పర్వాలేదు."

పిన్ని అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది.

కడ్డీ సరిచేశారు.

జూన్ 4

ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఇన్‌స్పెక్టర్లు తోటలో భోంచేసి వచ్చారట, ఎవరో చూశారట. "కొనేశారు" అని బేకరీలో, బస్సులో, చర్చి మెట్ల మీద. నా భుజం తట్టారు. "నువ్వు నిజం చెప్పావని వాళ్ళకు నొప్పి" అన్నారు.

నేను తలూపాను.

జూన్ 8

సభలో మాట్లాడమన్నారు. మాట్లాడాను. కొన్నారనే అన్నాను.

చెబుతున్నంతసేపూ అది నిజంలాగే ఉంది.

జూన్ 17

నెల సగం కాగానే వాల్వు మూసుకుంది.

జూన్ 19

నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఇక వారానికోసారి వస్తుందట. మనిషికి ఇంతని బకెట్లలో పోస్తారు. నీళ్ళకు డీజిలు వాసన.

లా లిగువాలో రొట్టె కొట్టు దగ్గర దోన్ అనీబల్ ఎదురుపడ్డాడు. ఆయనే రోడ్డు దాటి వచ్చాడు.

"మీ ఊరి సంగతి విన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు."

"చెప్పడానికి ఏముంది?"

రొట్టెల సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "వంపు చూశావన్నమాట" అన్నాడు మెల్లగా. "నీ కుర్చీ ఖాళీగానే ఉంది తెయో."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాడికి జవాబు చెప్పొచ్చు.

జూన్ 27

యానెత్ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఆ రోజు గొట్టం రోడ్డు కిందనుంచి వచ్చింది కదా."

"అయితే?"

"నీ బొమ్మలో కొండనుంచి వస్తుంది. రోజూ స్కూలు గోడ మీద చూస్తున్నాను. నాకే అర్థం కావడం లేదేమో, చెప్పు. తేడా ఏమైనా ఉందా?"

"నీకు నీళ్ళల్లో క్లోరిన్ కలపడం తెలుసు. అది కలుపుకో. ఇది నీకు అర్థమయ్యేది కాదు."

తల ఊపింది, ట్యాంకరు ఎప్పుడొస్తుందో అడిగితే చెప్పినంత మామూలుగా. "ఇప్పుడు కలపడానికి కూడా నీళ్ళు లేవులే" అని వెళ్ళిపోయింది.

నిజం ఎవరి చేతికి పోతుందో చూసుకోవాలి. నాకు ముందే తెలుసని ఒలావర్రియాకు తెలిస్తే ఊరు విరిగిపోతుంది. నేను కాపాడుతున్నది నన్ను కాదు.

జూన్ 30

యానెత్ రాలేదు.

జూలై 6

పిన్నిని ఆసుపత్రిలో చేర్చాం. మూత్రపిండాల్లో ఇన్ఫెక్షన్, బాగా ముదిరింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి కోప్పడింది. "ఈమె నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది? ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఇలాగే వస్తున్నారు, చంటిదానికనీ, మేకలకనీ దాచి."

పిన్ని దాచింది తన మేకలకే. నాకు ఇచ్చిన కప్పు నిండుగా ఉండేది. ఆవిడ కప్పు నేను ఎప్పుడూ చూడలేదు.

జ్వరంలో నన్ను మా అమ్మ పేరుతో పిలిచింది.

జూలై 7

ఒక మూత్రపిండం పనిచేయడం లేదట.

జూలై 9

తెలివి వచ్చింది. పెదాలు పగిలి ఉన్నాయి. ఆసుపత్రి గాజు గ్లాసులో నీళ్ళు పట్టాను. ఒక గుక్క తాగి, మిగతాది పక్కనున్నామెకు ఇవ్వమంది. ఇక్కడ కుళాయి ఉంది పిన్నీ, ఎన్నైనా వస్తాయి అన్నాను. నమ్మలేదు. కుళాయి తిప్పి చూపించాను. ఆపెయ్, ఆపెయ్ అంది.

చెబుదామనుకున్నాను. ఈసారి నిజంగా. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "పిన్నీ, ఆ గొట్టం..."

"అదే చెబుదామనుకున్నా." గొంతు పీలగా ఉంది. "జనం నీరసపడిపోతున్నారురా. నన్ను చూడ్డానికొచ్చి ఏడుస్తున్నారు. ఇద్దరు ఊరొదిలి పోతామంటున్నారు. ఆ బ్యానరు ఎండకు వెలిసిపోయిందట, ఎరుపు కనిపించడం లేదట. ఇంకోటి వెయ్యి. ఇంకాస్త పెద్దగా వెయ్యి, రోడ్డు మీంచి కనిపించేలా. అది చూస్తే నిలబడతారు."

"పిన్నీ, విను."

"ఆ దొంగనాయాళ్ళు కొనేశారని నాకు తెలుసు. నువ్వు లోపల చూశావు కదా. నేను సంతకం పెట్టింది అందుకే."

అని నా మొహంలోకి చూసింది. చాలాసేపు. ఆ చూపులో ప్రశ్న ఉందో లేదో నాకు తెలియదు. లేదనుకుంటున్నాను.

"వేస్తాను" అన్నాను.

కళ్ళు మూసుకుంది.

జూలై 10

ఇంటికి వచ్చాను. మేకలు అరుస్తున్నాయి. కొత్త నెల వాటాను ఊరంతా భయపడి డ్రమ్ములకు పట్టేసుకుంది, వాల్వు అప్పుడే మూసుకుంది; వాటికి పోయడానికి మా ఇంట్లో ఏమీ లేదు.

లాప్‌టాప్ తెరిచాను. ప్రోగ్రాం మొదట అడిగేది ఎప్పుడూ అదే. నోటి దగ్గర నీళ్ళు ఎంత వేగంతో వస్తున్నాయి, ఎటు ఒరిగి వస్తున్నాయి.

రోడ్డు వైపు అని ఇచ్చాను. పాతదానికన్నా ఎక్కువ ఒరిగించాను.